ఇద్దరి నడుమ పుట్టు నవ్వు

కామారెడ్డి బస్సుస్టాండులో ఎల్లారెడ్డికి పోవలసిన బస్సు ఒకటి జనముతో నిండియు కదలక నిలిచియున్నదని భావింతము. ముందరి పలకపై ఊరి పేరు పెద్ద అక్షరములతో వ్రాసియేయున్నది. నెత్తిన మూటతో ఒక వృద్ధురాలు వచ్చి, మెట్టుపై నిలిచిన కండక్టరును పలుకరించినది.

“బిడ్డా, గీ బస్సు ఎల్లారెడ్డికి పోతదా?”

“బోర్డు కనవడ్తలేదా అవ్వా?”

“బోర్డు పోతదని నాకెరికే. బస్సు పోతదా అని అడుగుతున్న.”

“డ్రైవరు చాయ్ తాగి వస్తె పోతది.”

“గట్లనా! అయితె చాయ్ అయిపోయిందా అని అడగాలె నేను.”

ఈ సంభాషణము నేను కల్పించినదే కాని, తాడ్వాయి లింగంపేటల మీదుగా ఆ త్రోవను ఒక్కమారైనను ప్రయాణము చేసినవారు దీనిని కల్పితమని నమ్మరు. ఇందలి వాక్యములను విడివిడిగా తీసి చూచినచో నవ్వు పుట్టింపదగినది ఒక్కటియు కానరాదు. కండక్టరు విసువుతోనైనను నిజమే చెప్పెను. వృద్ధురాలు తనకు కావలసిన ప్రశ్ననే అడిగెను. పలక చూచి నమ్ముట చదువుకొన్నవాని తర్కము. బండి కదలిన పిమ్మటనే నమ్ముట, ఎదురుచూపులలో ఏండ్లు గడపినదాని అనుభవము. ఈ రెండును ఒరసికొన్నచోట, చెకుముకి రాతినుండి రవ్వ రాలినట్లు, నవ్వు పుట్టినది. కథాసాహిత్యమున హాస్యమునకు నివాసస్థానమెయ్యది? రచయిత వాక్చమత్కారమా, వింతయాకారము గల పాత్రయా, లేక పాత్రకును పాత్రకును నడుమ నడచు వ్యవహారమా? మన పెద్దలు పలుతెఱగుల సమాధానము చెప్పిన ఈ ప్రశ్నను ఆమూలాగ్రముగా ఒకమారు పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

శాస్త్రమునుండి మొదలిడుదము. హాసము స్థాయీభావముగా గల హాస్యరసమునకు వికృతములైన ఆకారవేషవాక్చేష్టలను కారణములుగా చెప్పి, స్మిత, హసిత, విహసిత, ఉపహసిత, అపహసిత, అతిహసితములని నవ్వును ఆరు విధములుగా విభజించి, వానిని రెండేసి చొప్పున ఉత్తమ మధ్యమాధమ ప్రకృతులకు పంచిపెట్టిన భరతుని నాట్యశాస్త్రము, నవ్వువాడు ఎంత నవ్వునో, ఎట్లు నవ్వునో సూక్ష్మముగా వర్ణించినది. తాను నవ్వుట ఆత్మస్థమనియు, ఇతరులను నవ్వించుట పరస్థమనియు భేదమును కూడ చూపినది. అయినను ఇద్దరు మనుష్యులు తమ తమ పనులలో నిమగ్నులై, నవ్వించవలెనను తలంపు లేకయే మాటాడుకొనునపుడు పుట్టు హాస్యమునకు ఆ విభాగమున ప్రత్యేకస్థానము దొరకదు. శాస్త్రము చెప్పక విడిచినదానిని నాటకకర్తలు ప్రయోగమున చేసి చూపిరి. శాకుంతలమున విదూషకుడైన మాధవ్యుని కాళిదాసు దుష్యంతుని ప్రక్కన నిలిపెను. రాజునకు మనసంతయు ఆశ్రమకన్యపై నున్నది. ఈతనికి వేటలో అలసిన కీళ్లపైనను, వేళకు దొరకని భోజనముపైనను ఉన్నది. విరహమును ఆకలియు ఒకే వేదికపై ప్రక్కప్రక్కన కూర్చుండుటయే అచటి హాస్యము. మాధవ్యుని ఒంటరిగా నిలిపి ఉపన్యాసమిప్పించినచో సభ ఆవులించును.

పాశ్చాత్యులలో ఫ్రెంచి తత్త్వవేత్త బెర్గ్సన్ 1900లో నవ్వును గూర్చి ప్రకటించిన గ్రంథమున, సజీవుడైన మనుష్యుడు యంత్రమువలె ప్రవర్తించునపుడు మనము నవ్వుదుమనియు, నవ్వునట్టి క్షణమున హృదయము మొద్దుబారియుండవలెననియు వాదించెను. ఇందలి మొదటి భాగము అంగీకార్యమే; రెండవ భాగమును మన సాహిత్యము సంపూర్ణముగా అంగీకరింపదు. ఆ విషయము ముందు చూతము.

తెలుగు కావ్యములలో ఈ విద్యకు ఆద్యుడు తిక్కనయే యనవలెను. అంతఃపుర స్త్రీల యెదుట కౌరవసేననంతయు నొక్కడనే గెలిచెదనని పలికిన ఉత్తరకుమారుడు, ఆ సేనను కన్నులార చూచినంతనే రథము దిగి పరుగిడుటయు, బృహన్నల వెంటబడి పట్టుకొని తెచ్చుటయు విరాటపర్వమున నున్నవి. ప్రగల్భములు పలికి పారిపోవువాడు లోకమున ఎందరో కలరు. ఆ పాఱుచున్నవానిని పట్టుకొనువాడు, ఆడువేషమున నున్న అర్జునుడగుటచేతనే ఆ ఘట్టము మరపునకు రాదు. పేడిరూపమున వీరుడును, వీరవేషమున పిఱికివాడును ఒకే రథముపై కూడిరి. ఒకని నిజము రెండవవానికి తెలియదు, పాఠకునకు మాత్రము ఇద్దరి నిజమును తెలియును.

తెనాలి రామకృష్ణుడు పాండురంగమాహాత్మ్యమున వేఱొక త్రోవ త్రొక్కెను. నిగమశర్మ ఇంటనున్న సొమ్మంతయు మూటగట్టుకొని పోయినాడు; తెల్లవారినది; ఇల్లెల్ల గొల్లుమన్నది. అక్కగారి దుఃఖము మాత్రము ఆమె క్రొత్తముక్కర చుట్టును తిరుగుచున్నది. తమ్ముడు చెడిపోయెనను దుఃఖమును, ముక్కర పోయెనను దుఃఖమును ఆమె గుండెలో ఏకకాలమున నుండుట కవి కనిపెట్టినాడు. ఆమెను దుష్టురాలిగా చిత్రింపలేదు. అంతకు ముందు అదే యక్క తమ్ముని దగ్గర కూర్చుండబెట్టుకొని ఎంత ప్రేమతో బుద్ధి చెప్పినదో మనము విన్నాము గనుక, ఆ ముక్కర మనలను నవ్వించుచునే కొంచెము కలత పెట్టును.

శ్రీనాథుని పేరను, వినుకొండ వల్లభరాయని పేరను పండితులు వివాదపడు క్రీడాభిరామము సంగతి మఱింత ముఖ్యము. గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు నను ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీథులలో ఒక దినమంతయు తిరుగుటయే అందలి కథ. తెలంగాణపు నగరవీథిని ఇద్దరి కన్నులతో చూపించిన ఆ గ్రంథమున, చూడబడు వస్తువు కంటె చూచువారి మాటామంతియే ఎక్కువ రుచికరము. ఇద్దరు ప్రయాణికులను కలిపి త్రోవ పట్టించుట హాస్యరచయితలకు ఎంత అచ్చివచ్చిన ఉపాయమో, 1605లో మొదటి భాగమును, 1615లో రెండవ భాగమును ప్రకటించి డాన్ క్విక్సోటును సాంకో పాంజాను లోకమునకిచ్చిన స్పెయిను దేశపు సెర్వాంటీసును చూచినను తెలియును. గాలిమరను రాక్షసుడని నమ్మువానికి, అది గాలిమరయేనని చెప్పు సేవకుడు తోడుండవలెను. లేనిచో అది వట్టి పిచ్చి.

గ్రంథములకంటె ముందుగను, గ్రంథములు చేరని పల్లెలలోను ఈ రహస్యమును ఎఱిగినవారు మన జానపద కళాకారులు. భామాకలాపమున సత్యభామ తన విరహమును సాగదీసి చెప్పుకొనుచుండగా, మాధవి అడ్డుప్రశ్నలు వేసి ఆ గాంభీర్యమును చిల్లులు పొడుచును. తోలుబొమ్మలాటలో శ్రీరాముని యుద్ధము నడుమ కేతిగాడును, బంగారక్కయు తెరపై కెక్కి తగవులాడుకొందురు. బుఱ్ఱకథలో ముగ్గురు నిలుచుందురు. కథకునకు ఇరుప్రక్కల నున్న వంతలలో ఒకరికి హాస్యమే కేటాయించిన పని. కథ చెప్పువానికి ప్రక్కనొక ప్రశ్నించువాడు లేనిదే కథ నడవదని వారు ఏ శాస్త్రమును చదువకయే నిర్ణయించుకొనిరి. నిజామాబాదు ప్రాంతమునకు గర్వకారణమైన చిందు భాగవత కళాకారిణి చిందుల ఎల్లమ్మ పుట్టి పెరిగిన సంప్రదాయమును ఇట్టి సంవాదములతోనే బ్రతికినది. 2016 అక్టోబరు 11న ప్రత్యేకజిల్లాయైన కామారెడ్డి సీమ, దోమకొండ నేలిన కామినేని వంశీయుడగు మల్లారెడ్డి వ్రాసిన షట్చక్రవర్తిచరిత్ర వంటి కావ్యమునకు పుట్టినిల్లు; అయినను ఆ సీమలోని నవ్వు కావ్యములలోకంటె కచ్చేరుల ముందఱను, అరుగులపైనను, ఆటలోను భద్రముగా దాచబడినది.

ఆధునిక యుగమునకు వత్తము. 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో దాదాపు క్రొత్త రచనయై వెలువడిన గురజాడవారి కన్యాశుల్కము నాటకమే యైనను, తెలుగు కథకులకు అదియే పాఠశాల. గిరీశమును వెంకటేశమును అగ్నిహోత్రావధానుల ఇంట వెంకమ్మ యెదుట ఇంగ్లీషున సంభాషించు ఘట్టమును కొంచెము నిలిచి చూతము. తల్లి కోరిక ఒక్కటే: కుమారుని చదువు చెవులార వినవలెను. గురుశిష్యులు ఒకరినొకరు చూచి, శిశుగీతముల ముక్కలను పాఠపుస్తకపు వాక్యములను వరుసగా అప్పగింతురు. పరీక్ష తప్పిన బాలునకు గుట్టు బయటపడకుండుట కావలెను. గిరీశమునకు ఆ యింట తిష్ఠ వేయుట కావలెను. తల్లికి కన్నులపండువు కావలెను. ఆ నిమిషమున ముగ్గురును తృప్తి చెందినారు! ఎవని కోరిక వానికి తీరినది. అబద్ధమొక్కటియే అందఱికి సరిపోయినది. ఆ తల్లిని చూచి నవ్వుటకు మనకు మనసొప్పదు. ఇంగ్లీషు చదువునకు దాసోహమన్న కాలమును చూచి నవ్వుదుము, ఆ కాలములో మనమును కలము గనుక కొంచెము సిగ్గుపడుదుము.

దీనికి ప్రక్కన పానుగంటివారి సాక్షిని ఉంచి చూడవలెను. ఇంగ్లీషు స్పెక్టేటరు పత్రిక పద్ధతిని అనుసరించి ఏర్పఱచిన ఆ సంఘమున సాక్షి, కాలాచార్యుడు, వాణీదాసుడు, బొఱ్ఱయ్యసెట్టి, జంఘాలశాస్త్రి అని ఐదుగురు సభ్యులున్నను, జంఘాలశాస్త్రి లేచి నిలిచినంతనే తక్కిన నలుగురును శ్రోతలైపోవుదురు. ఆ వాగ్ధారకు తెలుగు వచనము చిరకాలము ఋణపడియుండును. కాని అది ఉపన్యాసహాస్యము, కథాహాస్యము కాదు. ఎదురుమాట లేనిచోట ఎంతటి చమత్కారమైనను ఒంటిచేతి చప్పట్లే.

1924లో మొదటి భాగము వెలువడిన మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశమున ఎదురు నిలుచువాడు ఒక మనిషి కాడు, లోకమంతయు. మొగలితుఱ్ఱు నుండి సీమకు బయలుదేరిన ఆ యువకుడు ఆడువారి టోపీని కొని తలపై పెట్టుకొని తిరుగును. తనను చూచి జనము ఎందుకు నవ్వుచున్నారో ఊహింపజాలడు. అతడే తన కథను తాను చెప్పుకొనుటయందు గడుసుతనము కలదు: పొరపాటు చేసిన పార్వతీశమునకును, దానిని గంభీరముగా నివేదించు పార్వతీశమునకును నడుమ నున్న ఎడములో మనము నవ్వుదుము. విశ్వనాథవారి విష్ణుశర్మ ఇంగ్లీషు చదువులో గురుశిష్య సంబంధమే తలక్రిందులైనది. రాజకుమారులకు నీతి గఱపిన విష్ణుశర్మ తానే శిష్యుడై కూర్చుండి, వ్యాకరణసంస్కారము గల బుద్ధితో ఇంగ్లీషు వర్ణక్రమమును ప్రశ్నించును. శిష్యుని ప్రశ్న సహేతుకము. గురువు చెప్పగల సమాధానము “అది అంతే” యనునది.

బెర్గ్సను వాదమునకు నేను ఒప్పుకొననిది మునిమాణిక్యము నరసింహారావుగారి కాంతమును చూచియే. బడిపంతులైన భర్త తన పాండిత్యమును ఇంటికి తెచ్చును. కాంతము దానిని వంటయింటి తక్కెడలో తూచును. ప్రతి కథయందును ఓడినవాడు భర్త, ఆ ఓటమిని మనకు మురిసిపోయి చెప్పువాడును భర్తయే. ఇచట హృదయము మొద్దుబారలేదు సరిగదా, హృదయము లేనిచో నవ్వే లేదు. 1956లో ఆంధ్రపత్రిక వారపత్రికలో అడుగిడిన ముళ్ళపూడి వెంకటరమణగారి బుడుగు విషయమును ఇట్టిదే; పెద్దల మాటను పిల్లవాడు అక్షరాల నమ్ముటచేత పెద్దలే పట్టుబడుదురు. బాలుడు అబద్ధమాడడు, పెద్దలును దుర్మార్గులు కారు. ఒకే మాట రెండు ఎత్తులనుండి వినబడినది, అంతియే.

ఈ పరిశీలనము వలన కథకునకు ఉపకరించునవి కొన్ని తేలుచున్నవి. పాత్రలు రెండును వేర్వేఱు వస్తువులను నిజాయితీగా కోరుచుండవలెను. తాను హాస్యపాత్రనని పాత్రకు తెలియరాదు. పాఠకునకు మాత్రము ఇద్దరి లోగుట్టు తెలిసియుండవలెను. నాటకమునకు నటుడు కలడు, అతని కనుబొమ కలదు, విరామము కలదు. కథకునకు ఉన్నది మాటల వరుస మాత్రమే. మన బస్సు సంభాషణమునే “అని వృద్ధురాలు చమత్కారముగా బదులు పలికెను; బస్సులోనివారందఱును ఘొల్లుమని నవ్విరి” అని ముగించినచో ఏమగును? ‘చమత్కారముగా’ అను మాట పాఠకుని పనిని రచయిత లాగికొనినట్లయినది; బస్సులోనివారు నవ్వుటచేత పాఠకునకు నవ్వుటకు మిగులునది లేదు. కండక్టరు ఆ పిమ్మట ఇంకొక మాట విసరినచో, ముసలమ్మ మాటకు గల పదును అంతయు పోవును. ఎచట ఆపవలెనో తెలిసినవాడే హాస్యరచయిత. ఎక్కువమంది ఒక వాక్యము ఆలస్యముగా ఆపుదురు. ఇంకొకటి కూడ కలదు. నవ్వు ముగిసిన తర్వాత ఆ ఇద్దరి సంబంధము మునుపటివలె ఉండరాదు. ఆ కండక్టరు ఇక ఆ యవ్వను పలక చదువుమనడు. బహుశః మూటను తానే అందుకొనును. ఏ మార్పును తేని హాస్యము కథలో అతికిన కాగితపుపూవు.

ఇక ఈ ప్రశ్నలో మిక్కిలి చిక్కైన భాగము యాసకు సంబంధించినది. కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి ఊళ్లను విడిచి దానిని చర్చింపజాలము. 1948 వఱకు నిజాము పాలనలో ఉర్దూ కచ్చేరి భాష. జుక్కల్, మద్నూరు వైపు పోయినచో మరాఠియు కన్నడమును పొలిమేరనే వినవచ్చును. 1931లో పూర్తియైన నిజాంసాగరమునుండి మంజీర నీరు కాలువలకు పాఱిన పిమ్మట, కోస్తా జిల్లాల కర్షకులు ఆ ఆయకట్టునకు తరలివచ్చి క్యాంపులు కట్టుకొనిరి. ఒకే తెలుగు రెండు విధముల ఒకే గట్టుమీద వినబడసాగినది. ఇట్టిచోట హాస్యము పుట్టకుండుట అసంభవము. ఒక మచ్చును కల్పించి చూతము. క్యాంపునుండి వచ్చిన ఇల్లాలు ఒక రైతు గడపలో నిలిచి అడుగుచున్నది.

“ఏమమ్మా, మీ ఆయన ఇంట్లో ఉన్నారా?”

“లేడమ్మా, గంజ్‌ల ఉన్నడు.”

“గంజిలో ఉండడమేమిటమ్మా!”

“గంజిలనే ఉన్నమమ్మా. ఇంగ అన్నం దాంక రాలె.”

గంజ్ అనగా బెల్లపు వ్యాపారమునకు పేరుపొందిన కామారెడ్డి వంటి పట్టణముల బజారు. రైతు సరకు వేసికొని పోయినాడు. వచ్చినామెకు గంజి వినబడినది. ఇంతవఱకు అది వట్టి అపార్థము. సామాన్యరచయిత ఇచటనే ఆపి, ఊరివారి పలుకును చూచి మనలను నవ్వుమనును. ఆ రైతు భార్య మాత్రము ఎదుటియామె పొరపాటును చేతికి తీసికొని, తన బీదతనమును దానిలో పోసి, తిరిగి ఆమె చేతికే ఇచ్చినది. యాసను చూచి నవ్వబోయినవారు ఆ యాసలోని బుద్ధిని చూచి నివ్వెఱపోవుదురు. మొదటి విధమైన హాస్యము ఉచ్చారణమును వెక్కిరించును. రెండవది మనిషిని నిలబెట్టును. వ్రాతలో రెండింటికిని ఎడము ఒక్క వాక్యమే.

ఈ యెడమును మఱచుటచేతనే మనకు గాయములైనవి. తెలంగాణమున కవులు లేరన్న మాటకు బదులుగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరింపవలసి వచ్చెను. ఆ తర్వాతి కాలమున తెలుగు సినిమా ఈ ప్రాంతపు మాటను చిరకాలము హాస్యగానికో, ప్రతినాయకుని అనుచరునికో కట్టబెట్టినదన్న వేదన ప్రత్యేకరాష్ట్రోద్యమమున పదేపదే వినవచ్చినది. నాయకుడు శిష్టముగా మాటాడుటయు, ప్రక్కవాడు ఊరిమాట ఆడగానే సభ నవ్వుటయు ఎట్టి హాస్యము? అది పాత్రల నడుమ పుట్టిన నవ్వు కాదు. తెర యెదుట కూర్చున్నవాని గర్వమునుండి పుట్టినది. దీనికి దీటైన సమాధానమును సాహిత్యమున చెప్పినవారు పాకాల యశోదారెడ్డిగారు. 1973 నాటి మా ఊరి ముచ్చట్లలో పాలమూరు పల్లె పలుకే ఆద్యంతము కథను నడపును. అందఱును ఆ పలుకునే పలుకునపుడు నవ్వుటకు యాస మిగులదు, మనుష్యులే మిగులుదురు.

మొత్తముమీద నా నిర్ణయమిది. హాస్యమును పాత్ర నెత్తిన పెట్టరాదు, రచయిత నోట పెట్టరాదు. ఇద్దరి నడుమ పెట్టవలెను. పెట్టునపుడు బలహీనుని చేతికి కడపటి మాట దక్కునట్లు చూచుట మన సంప్రదాయము. బృహన్నల మొదలు కాంతము వఱకు దీనికి సాక్ష్యము కలదు. హాస్యకథ వ్రాసి అచ్చునకు పంపదలచిన యువకులకు నేను చెప్పునది ఒక్కటియే: ఎల్లారెడ్డి బస్సులో ఆ వృద్ధురాలి ప్రక్కన కూర్చుండి మీ కథను ఆమెకు చదివి వినిపింపుడు. ఆమె యెదుట చదువుటకు నోరాడని వాక్యము ఎయ్యదియో దానిని కొట్టివేయుడు.